నాయిన చెయ్యి అచ్చయిన బ్రోషరు

పోయిన నెల అమీన్‌పూర్‌లో తమ్ముడు కొనుక్కున్న ఫ్లాట్‌కు సామాను చేరవేస్తుంటే, ఇంద్రేశం నుంచి తెచ్చిన పాత చెక్క అలమారా శుభ్రం చేసే పని నా మీద పడింది. పప్పుల డబ్బాలు పెట్టుకునే అలమారా అది. అరల్లో పరిచిన కాగితాలు నూనె పట్టి, పసుపు పట్టి, చెక్కకు అతుక్కుపోయాయి. గోటితో గీకి ఒకటి లాగుతున్నాను. వెనక నుంచి అమ్మ అరిచింది. "అది చింపకు! అది మీ నాయిన చెయ్యి."

నిజంగానే చెయ్యి. తుప్పు పట్టిన డబ్బాలు వదిలిన రెండు గుండ్రటి మరకల మధ్య, రంగు వెలిసిన నున్నటి కాగితం మీద, తెల్ల చొక్కా కింద మా నాయిన కుడిచెయ్యి. ఆ చేతిలో సన్నటి తీగ కట్టిన నల్లటి కలం, దాని కింద బూడిదరంగు పలకలాంటి యంత్రం. పలక మీద నాయిన దస్తూరీలో 'నమస్కారం'. కింద ఎర్రటి అచ్చులో ఒక వాక్యం: 'కలం పట్టడం వచ్చా? అయితే కంప్యూటర్ వచ్చినట్టే!' ఆ వాక్యం నాది. నా పేరు లేకుండా అచ్చయిన నా మొదటి వాక్యం. ఇక్కడ కళ్లు చెమర్చాయని రాస్తే బాగుంటుందేమో. చెమర్చలేదు. ఒళ్లు మండింది. నాయిన పోయి చాలా కాలమైంది, ఆ బ్రోషరు వేయించిన కంపెనీ షెడ్డు ఉన్నచోట ఇప్పుడు కార్ల సర్వీసింగ్ జరుగుతోంది, అయినా నాకు అప్పుడెంత మండిందో ఇప్పుడూ అంతే మండింది.

ఇంద్రేశంలో మాకు పొలం పెద్దగా లేదు. నాయిన పక్క ఊరి బడిలో తెలుగు చెప్పేవాడు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేవాడు. ఈ రెండింటికంటే ఆయనకు ఊళ్లో పేరు తెచ్చింది చేతిరాత. చర్చి ముందు నల్లబల్ల మీద వారం వారం మారే వచనం, పిండిగిర్ని మీద పేరు, రేషన్ దుకాణం తలుపు మీద వేళలు, పెండ్లి కార్డుల మీద చిరునామాలు అన్నీ ఆయన చేతివే. ఎవరింట్లో పెండ్లి కుదిరినా ముందు మా ఇంటికి కార్డుల కట్ట వచ్చేది. నాయిన అక్షరం గుండ్రంగా, నిండుగా ఉండేది. 'క్రీస్తు' అని రాస్తే ఆ క్రారవడి అక్షరం కింది నుంచి బయలుదేరి, పక్క అక్షరాన్ని కూడా తన ఒడిలోకి తీసుకున్నట్టు సాగేది. శనివారం సాయంత్రం ఆయన కలం కడిగే వేళ. ఇత్తడి గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పెట్టుకుని, కలం విప్పి, పాళీని తడిగుడ్డతో తుడిచి, ఆ నీలం నీళ్లను మల్లెచెట్టు మొదట్లో పోసేవాడు. ఆ వేళకే నాయినమ్మ కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె కాల్చేది. రొట్టె చరిచే చప్పుడు, కాలిన పిండి వాసన, సిరా వాసన. పొద్దు గూకాక పటాన్‌చెరు వైపు నుంచి గాలి తిరిగితే ఈ వాసనలన్నిటినీ మందుల కంపెనీల వాసనొకటి వచ్చి మింగేసేది. "కంపెనీలోళ్లు మూత తీసిన్రు, తలుపులెయ్యున్రే," అని నాయినమ్మ కేకేసేది. ఉడకపోసినా సరే తలుపులు బిగించుకుని తినేవాళ్లం.

నేను డిగ్రీ అయ్యాక ఆ పటాన్‌చెరు వైపే ఒక కంపెనీలో టైపిస్టుగా చేరాను. ఇంట్లో అందరూ సంతోషించారు, నాయినమ్మ తప్ప. మాది వాసన వచ్చే కంపెనీ కాదు. ఫ్యాక్టరీలకు కరెంటు ప్యానెళ్లు చేసే చిన్న షెడ్డు. యజమానిని అందరం ఎండీ సార్ అనేవాళ్లం. హైదరాబాద్ నుంచి రోజూ కారులో వచ్చేవాడు. మంచి మాటకారి, దేని మీదైనా మోజు పుడితే నిద్రపోని మనిషి. ఆయన బొంబాయిలో ఏదో ప్రదర్శనకు వెళ్లి, కలంతో రాస్తే పనిచేసే కంప్యూటర్‌ను చూసి, ఒకదాన్ని చంకన పెట్టుకుని వచ్చాడు. దాన్ని మొదట చూసిన రోజు నాకు గుర్తుంది. రెండు ఇటుకలంత బరువు. చేతిలో కాసేపు పట్టుకుంటే అడుగు వేడెక్కేది. ఎండలోకి తీసుకెళ్తే తెర మీద ఏమీ కనిపించేది కాదు. కానీ కలంతో గీస్తే కలం వెంటే గీత వచ్చేది. షెడ్డులో వాళ్లంతా వరసగా నిలబడి తలా ఒక గీత గీశారు. నేనూ గీశాను. ఒళ్లు ఝల్లుమంది, అబద్ధం చెప్పను.

దాంతోపాటు విదేశాల నుంచి వచ్చిన రంగురంగుల బ్రోషర్లు ఒక పెట్టెడు. టై కట్టుకున్న ఒకాయన నిలబడే ఎడమచేతి మీద పలక పెట్టుకుని నవ్వుతూ రాస్తుంటాడు. ఎక్కడ చూసినా అదే మాట: కాగితం, కలం ఎంత తేలికో ఇదీ అంతే తేలిక. టైపు నేర్చుకునే పని లేదు. ఎండీ సార్‌కు ఆ మాట బాగా పట్టింది. మీటర్ రీడింగ్ తీసేవాళ్లు, మండలాఫీసు గుమస్తాలు, ఆస్పత్రి నర్సులు, అందరి చేతుల్లోనూ ఇదే ఉంటుందన్నాడు. "మనోళ్లకు మన భాషల చెప్పాలె. ప్రమీలా, నువ్వు తెలుగు చదువుకున్నవు గద, బ్రోషర్ నువ్వే రాయి," అన్నాడు. నేను ఆ రాత్రి సంతోషంతో అన్నం సరిగా తినలేదు.

యంత్రాన్ని విప్పి చూసిన ఇంజినీరు జావేద్ భాయ్ దగ్గర కూర్చుని అన్నీ అడిగి రాసుకున్నాను. నాలుగో ప్రశ్నకే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "తెలుగు రాస్తే సదువుతదా అని అడగకు ప్రమీలమ్మా. సదవదు. రాసింది బొమ్మ లెక్క దాస్కుంటది, అంతే. సదివేది ఇంగ్లిష్ పెద్దక్షరాలే, అంకెలే. అవి గూడ గడిల ఒక్కొక్కటి రాస్తేనే." సరే, ఉన్నదే రాద్దామనుకున్నాను. రాశాను కూడా. 'ప్రస్తుతానికి ఇంగ్లిషు పెద్ద అక్షరాలను, అంకెలను మాత్రమే గుర్తిస్తుంది' అని మూడో పేజీలో ఒక వాక్యం పెట్టాను.

బొమ్మకు చెయ్యి కావలసి వచ్చింది. ఎండీ సార్‌కు బొంబాయి ఫొటోలు నచ్చలేదు, మనవాళ్ల చెయ్యి కావాలన్నాడు. నేనే నాయిన పేరు చెప్పాను. సంగారెడ్డి నుంచి ఫొటోగ్రాఫర్ వచ్చి షెడ్డు వెనక తెల్లగుడ్డ కట్టాడు. నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోళ్లు తీసుకుని, చర్చికి వచ్చినంత శ్రద్ధగా వచ్చాడు. ఫొటోలో తెర ఎంత ప్రయత్నించినా మసకగానే వచ్చింది. అప్పుడు ఫొటోగ్రాఫర్ ఒక ఉపాయం చెప్పాడు. నాయిన చేత తెల్లకాగితం మీద సిరాతో 'నమస్కారం' రాయించారు. ప్రెస్సులో ఆర్టిస్టు దాన్ని కత్తిరించి తెర బొమ్మ మీద అంటించాడు. ప్రూఫు వచ్చినప్పుడు చూస్తే, పలక తెలుగును చదివి చూపిస్తున్నట్టే ఉంది. మూడో పేజీలో నా వాక్యం లేదు.

ప్రూఫు పట్టుకుని ఎండీ సార్ గదిలోకి వెళ్లాను. "సార్, ఒక లైను పోయింది."

"పోలే. నేనే తీసిన."

"మరి తెలుగు చదువుతదని అనుకుంటరు గద సార్, ఈ బొమ్మ చూస్తే?"

"చదువుతదని మనం ఎక్కడన్న రాసినమా? బొమ్మల ఉన్నది, అంతే." తర్వాత కొంచెం మెత్తబడ్డాడు. "వచ్చే మిషన్ల తెలుగు గూడ వస్తదని బొంబాయి వాళ్లు ఫోన్ల చెప్పిన్రమ్మా. ఫికర్ చెయ్యకు. 'ప్రస్తుతానికి' అనే మాట బ్రోషర్ల ఉండద్దు. చదివినోనికి అనుమానం పుడ్తది."

మరునాడు మళ్లీ అడిగాను. ప్రెస్సుకు ఫోన్ చేశాను. అచ్చు ప్లేట్లు తయారైపోయాయి, ఇక మార్చలేమన్నారు. ఆ రోజుల్లో మాట నాదే అయినా దాన్ని ఆపే హక్కు నాకు లేదని అర్థమైంది. అంతకంటే చిరాకు పుట్టించింది మా ఇల్లు. బ్రోషర్ల కట్ట ఒకటి ఇంటికి తెచ్చి, నాయినకు అన్నీ చెప్పాను. తెలుగు రాదని, అంటించారని, ఇంగ్లిషు పెద్దక్షరాలు, అంకెలు తప్ప ఇంకేమీ రావని, వచ్చే మిషన్‌లో తెలుగు వస్తుందని సార్ అన్న మాట కూడా. ఆయన బ్రోషరును కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చూసుకుని, "అచ్చుల ఉన్నది గద బిడ్డా," అన్నాడు.

"అచ్చుల ఉంటే నిజమా నాయినా?"

"గంత పెద్ద కంపెనీ, గింత మంచి కాగితం మీద, ఉత్తగనే ఏస్తదా? నీకు పూర్తిగ చెప్పలేదేమో వాళ్లు."

ఎన్ని రోజులు వాదించానో. ఆయన జీవితమంతా అచ్చయిన పుస్తకం పట్టుకుని పిల్లల ముందు నిలబడ్డ మనిషి. అచ్చు మీద ఆయనకున్న నమ్మకాన్ని కన్నకూతురి నోటిమాట కదిలించలేకపోయింది. బ్రోషర్లు బడికి తీసుకెళ్లాడు. చర్చిలో పంచాడు. నాలుగో పేజీలో నేను బాణం గుర్తులు పెట్టి వివరించిన మీటలన్నీ కంఠస్థం చేశాడు. "ఈ గడిని ముట్టుకుంటే రాసింది సదువుతది," అని పిండిగిర్ని దగ్గర జనానికి చెప్తుంటే నేను విన్నాను. నాయినమ్మ ఒక్కతే రొట్టె తిప్పుతూ అడిగింది, "నీ రాత మిషనే సదువుకుంటే ఇగ మనుషులేం సదువాలెరా?" నాయిన నవ్వాడు. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు, అందుకే నాకు ఇంకా కోపం వచ్చేది.

సంగారెడ్డిలో ఒక సర్కారు ఆఫీసు మీటింగు హాల్లో యంత్రాన్ని చూపించే రోజు వచ్చింది. నాలుగైదు శాఖల అధికారులు వస్తారు. ఎండీ సార్‌కు మళ్లీ ఒక ఉపాయం తట్టింది. బ్రోషరులో ఉన్న చెయ్యి ఎవరిదో ఆ మనిషినే తీసుకొస్తే బాగుంటుందని. నేను వద్దన్నాను. నాయిన జ్వరంతో ఉన్నాడని అబద్ధం కూడా చెప్పాను. నేను చెప్తుండగానే నాయిన షెడ్డు గేటు దగ్గర సైకిలు దిగాడు. ఎండీ సార్ అంతకుముందే మనిషిని పంపించాడట.

హాల్లో టీ, బిస్కెట్లు, ప్రతి కుర్చీ మీద నా బ్రోషరు. నాయిన కుర్చీలో కూర్చుని పలక మీద 'నమస్కారం' రాశాడు. గీత చక్కగా వచ్చింది. చప్పట్లు కొట్టారు. ఎండీ సార్ అనుకున్నది అంతవరకే. జావేద్ భాయ్ ముందుకు వచ్చి యంత్రాన్ని తీసుకోబోయాడు. ముందు వరసలో ఉన్న అధికారిణి, నడివయసు మేడమ్, కళ్లజోడు సవరించుకుని అడిగింది. "ఇప్పుడు ఇది టైపు కొట్టినట్టు అక్షరాలైతదా? అట్లయితేనే గద మాకు పనికొచ్చేది."

ఎండీ సార్ నోరు తెరిచే లోపే నాయిన అన్నాడు. "అయితది మేడమ్. ఈ గడి ముట్టుకోవాలె." ముట్టుకున్నాడు.

యంత్రం కొంతసేపు ఆలోచించింది. తెర మీద ఒక ఎనిమిది, ఒక సున్నా, ఎస్ అనే ఇంగ్లిషు అక్షరం, మళ్లీ సున్నా, చివర ఒక ప్రశ్నార్థకం వచ్చాయి. వెనక వరసలో ఎవరో నవ్వారు. నాయిన తుడిచి మళ్లీ రాశాడు. ఈసారి ఒకటో తరగతి పిల్లలకు నల్లబల్ల మీద రాసినట్టు పెద్దగా, నిదానంగా. మళ్లీ సున్నాలు. నవ్వు పెరిగింది. నాయిన చొక్కా జేబులోంచి రుమాలు తీసి కలం తుడిచాడు, పాళీలో ఏదో ఇరుక్కుందన్నట్టు. మూడోసారి రాయడానికి వంగాడు.

అప్పుడు ఎండీ సార్ నవ్వుతూ అన్నాడు. "సార్‌కు పెద్ద వయసు గద మేడమ్. చెయ్యి జెర వణుకుతున్నది. గందుకే మిషన్ పట్టుకుంట లేదు."

నాయిన కలం ఆగింది.

నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. అక్కడి నుంచే గట్టిగా అన్నాను. "మా నాయిన చెయ్యి వణకదు సార్. ఆ మిషన్‌కు తెలుగు రాదు."

హాలంతా నా వైపు తిరిగింది. మేడమ్ బ్రోషరు ఎత్తి చూపించింది. "మరి ఇందుల తెలుగు కనపడుతున్నది గదమ్మా?"

"కాగితం మీద రాసింది కత్తిరించి అంటించిన్రు మేడమ్."

ఆమె బ్రోషరును బోర్లా పెట్టి, టీ కప్పు దాని మీద పెట్టి లేచింది. మిగతావాళ్లూ లేచారు. ఎండీ సార్ కారు దగ్గర నన్ను ఆపి, "నువ్వు జీతం నా దగ్గర తీస్కుంటున్నవా, వాళ్ల దగ్గరనా?" అని ఒక్క మాట అడిగి తలుపు వేసుకున్నాడు. జావేద్ భాయ్ యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని తల వంచుకుని కూర్చున్నాడు. నాయినా నేనూ బస్టాండుకు నడిచాం.

నాయిన నన్ను మెచ్చుకుంటాడనుకున్నాను. బస్సు కంది దాటింది, రుద్రారం దాటింది. ఇస్నాపూర్ దగ్గర బస్సు ఆగినప్పుడు కుడి అరచేతిని మోకాలి మీద పరచుకుని చూసుకుంటూ అడిగాడు. "నిజంగనే వణికిందా బిడ్డా?"

"లేదు నాయినా. ఇసుమంత గూడ వణకలే."

"నువ్వు దూరంగ నిలబడ్డవు. నీకు కనపడలేదేమో."

"ఆ మిషన్‌కు తెలుగు రాదని నీకెన్నిసార్లు చెప్పిన?"

"అట్ల పదిమందిల మీ సార్ పరువు తియ్యకుంటే బాగుండు." అంతే అన్నాడు. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఎవరి కోసం నోరు తెరిచానో ఆయనే నన్ను తప్పు పడుతున్నాడు. ఆయన చెయ్యి వణికిందన్న మనిషి మాటను మాత్రం నమ్ముతున్నాడు.

నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు, తీసేస్తే బాగుండేది. లారీ చలానాలు టైపు చేసే మూల బల్ల దగ్గరికి మార్చారు. అక్కడి నుంచి రోజూ గోడ వారన ఉన్న బ్రోషర్ల కట్టలను చూస్తూ పని చేశాను. ఒక్క యంత్రం కూడా అమ్ముడుపోలేదు. కొన్నాళ్లకు ఎండీ సార్ మోజు డిష్ యాంటెన్నాల మీదికి పోయింది. కట్టలను ఎవరు అడిగితే వాళ్లకు ఇచ్చేశారు. కాగితం మందంగా, నున్నగా ఉండేది కాబట్టి ఊరంతా తీసుకెళ్లింది. పిల్లల పుస్తకాలకు అట్టలు వేశారు, అలమారాల్లో పరిచారు, మిర్చి బజ్జీలు పొట్లాలు కట్టారు. రోడ్డు మీద నూనె మరకల కింద మా నాయిన చెయ్యి కనిపిస్తే నేను కాలితో పక్కకు తోసేదాన్ని. వర్షాలు పోయాక రాజీనామా చేసి, హైదరాబాద్‌లో ఒక పత్రికలో ప్రూఫులు దిద్దే పనికి వెళ్లాను.

వాటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. సంగారెడ్డి నుంచి వచ్చిన వారానికే నాయిన పిల్లల పలక ఒకటి తెచ్చి, దాని మీద మేకుతో గడులు గీసుకున్నాడు. రోజూ బడి నుంచి వచ్చి ఆ గడుల్లో అక్షరాలు రాసేవాడు. గడికి ఒక్కటి, ఒకదానికొకటి తగలకుండా. మొదట నేను పట్టించుకోలేదు. ఆదివారం చర్చికి వెళ్తే నల్లబల్ల మీద వచనం కూడా ఆ గడుల రాతలోనే ఉంది. అక్షరాలు విడివిడిగా, చతురస్రంగా, ఒత్తులు నలిగి లోపలికి ముడుచుకుని. ఆ క్రారవడి లేదు, దాని స్థానంలో చిన్న కొక్కెం. "ఏంది సార్, గిట్ల రాసిన్రు?" అని ఒకరిద్దరు అడిగారు. నాయిన నవ్వి, వాక్యం చదవడానికి లోపలికి వెళ్లాడు.

ఇంటికి వచ్చాక నేను పలక లాక్కున్నాను. "ఏం చేస్తున్నవ్ నాయినా? రాత మార్చుకునేది నువ్వా?"

ఆయనకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. "వచ్చే మిషన్‌కు తెలుగు వస్తదని మీ సార్ చెప్పిండు గద బిడ్డా. ఇయ్యాల కాకుంటే రేపు నేర్సుకుంటది. అప్పటికి నా రాత దానికి సమజ్ కావాలె గద." పలక నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, గడిలో మిగిలిన అక్షరం పూర్తి చేశాడు.

ఆ తర్వాత ఆయన మళ్లీ పాతలాగా రాయలేదు. పెండ్లి కార్డులు మెల్లగా ప్రెస్సుకు వెళ్లిపోయాయి. నాకు హైదరాబాద్‌కు రాసిన ఉత్తరాల్లో కూడా అక్షరాలు బస్సులో ముక్కూముఖం తెలియనివాళ్లు కూర్చున్నట్టు దూరం దూరంగా ఉండేవి. ఇప్పుడు తమ్ముడి కూతురు పలకంత ఫోను మీద వేలితో గజిబిజిగా తెలుగు గీకితే, అది గుక్క తిప్పుకోకుండా చదివేస్తుంది. గడులు అక్కర్లేదు, నిదానం అక్కర్లేదు, ఒత్తు ఎక్కడికి పోయినా అర్థం చేసుకుంటుంది. నాయిన గుండ్రటి రాతను అట్లాగే ఉంచుకుని ఉంటే ఇది చక్కగా చదివేది. ఆ యంత్రాలు కాలం కంటే ముందు వచ్చాయి కాబట్టి ఓడిపోయాయని ఎవరైనా మెచ్చుకోలుగా అంటే నాకు చిరాకు. ముందు రావడం నేరం కాదు. రానిది వచ్చినట్టు అచ్చువేసి, అది నమ్మిన మనిషి చేతిది తప్పన్నారు, నా కోపం దాని మీద.

నిన్న పటేల్‌గూడలో నేనుండే ఇంటికి ఒక పార్సెల్ వచ్చింది. తెచ్చినాయన బండి ఆపకుండానే ఫోను నా ముందు పెట్టాడు. "సంతకం చెయ్యున్రి మేడమ్. వేలితోనే."

నేను 'ప్ర' రాసి, 'మీ' మొదలుపెట్టాను. ఆయన గడియారం చూసుకున్నాడు. "గంత పేరు అక్కర్లేదు మేడమ్. ఏదో ఒకటి గీకున్రి. ఏం గీకినా తీస్కుంటది."

"దీన్ని ఎవరన్నా చదువుతరా బాబూ?"

"ఎవ్వరు చూస్తరు మేడమ్!" అని నవ్వాడు.

నేను గుడి దీర్ఘం దగ్గర ఉన్నాను. ఫోను వెనక్కి ఇవ్వలేదు. ఆయన బండి గుర్రుమనిపిస్తూ నిలబడితే, నేను నా పేరు చివరిదాకా రాశాను.